ఆరు వేల మీటర్ల సబ్‌మెర్సిబుల్: డిజైన్‌ను పైకి రావడం దగ్గర మొదలుపెట్టండి

మనుషులు కూర్చుని సముద్రం అడుక్కి వెళ్లే సబ్‌మెర్సిబుల్‌ను ప్రాజెక్టుగా తీసుకున్నవాళ్లు సాధారణంగా గోళం మందం లెక్కతో మొదలుపెడతారు. మందం ముఖ్యమే. కానీ అంతకంటే ముందు ఒక కాగితం మీద ఇంకో ప్రశ్నకు జవాబు రాసుకోవాలి: కరెంటు పోయి, మోటార్లు ఆగిపోయి, లోపలివాళ్లు స్పృహ తప్పినా ఈ వాహనం తనంతట తాను ఎలా పైకొస్తుంది? జవాబు కాగితం మీద కుదరకపోతే మిగతా డ్రాయింగులన్నీ దండగ.

నెల్లూరు, కావలి, ఒంగోలు కాలేజీల్లో మెకానికల్, నేవల్ విభాగాల పిల్లలు చేతిలెక్కలతో మొదటి డిజైన్ వేసుకోవడానికి ఈ గైడ్. ఉదాహరణకు మనుషులను లోతు సముద్రానికి పంపే మన దేశపు సముద్రయాన్ ప్రాజెక్టు కోసం చెన్నైలోని ఎన్‌ఐఓటీ (జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ) తయారుచేస్తున్న మత్స్య-6000 కొలతలే తీసుకుంటున్నాం: ముగ్గురు మనుషులు, 2.1 మీటర్ల లోపలి వ్యాసం, 80 మిల్లీమీటర్ల మందం ఉన్న టైటానియం గోళం, నీటి కింద ఉండగలిగే సమయం మామూలుగా 12 గంటలు, ఆపదలో 96 గంటలు. కింది లెక్కలు ఈ కొలతల మీద మనం వేసుకున్నవి, ఆ ప్రాజెక్టు ప్రకటించినవి కావు.

ఎంత లోతుకు?

మన తీరంలో సముద్రపు అంచు ఇరుకు. షెల్ఫ్ (తీరం పక్కన లోతు తక్కువ ఉన్న నేల) దాటగానే నేల నిటారుగా దిగిపోయి 3000 మీటర్ల లోతుకు చేరుతుంది. బంగాళాఖాతం సగటు లోతు సుమారు 2600 మీటర్లు, అతి లోతైన చోటు కూడా 4700 మీటర్లు దాటదు. మరి 6000 ఎందుకంటే, అంతర్జాతీయ సీబెడ్ అథారిటీ మన దేశానికి కేటాయించిన 75,000 చదరపు కిలోమీటర్ల మాంగనీస్ నాడ్యూల్స్ (అడుగున పరుచుకున్న లోహపు ముద్దలు) ప్రాంతం మధ్య హిందూ మహాసముద్రంలో ఉంది. అక్కడ లోతు 5000 మీటర్ల పైమాటే.

మీ పని బంగాళాఖాతం మధ్యభాగంతో సరిపోయేదైతే 4000 మీటర్లకే డిజైన్ చేయండి. లోహంలో అదే ఒత్తిడి ఉంచితే 80 మి.మీ. బదులు 51 మి.మీ. మందం చాలు. గోళం బరువు 5.3 టన్నుల నుంచి 3.3 టన్నులకు దిగుతుంది. ఆ రెండు టన్నులు వాహనం మొత్తాన్నీ, దాన్ని ఎత్తే క్రేన్‌నీ, మోసే ఓడనీ చిన్నవి చేస్తాయి. 'ఎందుకైనా మంచిది' అని లోతు పెంచుకోవడం ఈ డిజైన్‌లో అన్నిటికంటే ఖరీదైన అలవాటు.

గోళం లెక్క

ఆరు వేల మీటర్ల దగ్గర నీటి పీడనం సుమారు 61 మెగాపాస్కల్. చదరపు సెంటీమీటరుకు 620 కిలోలు, అంటే గోరంత చోట ఎనిమిది వడ్ల బస్తాలు. నీరు కూడా ఆ లోతులో కొంత నలుగుతుంది కాబట్టి ఉపరితల సాంద్రతతో గుణిస్తే జవాబు కొంచెం తక్కువ వస్తుంది. ఆ తేడా వదలకండి.

పుస్తకాల్లో మొదట కనిపించే పలుచని గోళం సూత్రం ఇది: పీడనాన్ని సగటు వ్యాసార్థంతో గుణించి, మందానికి రెట్టింపుతో భాగించాలి. మన కొలతలకు 416 మెగాపాస్కల్ వస్తుంది. ఇక్కడ అది చాలదు. మందపాటి గోళానికి లామే సూత్రం వాడాలి. బయటి వ్యాసార్థపు ఘనాన్ని, బయటి ఘనం నుంచి లోపలి ఘనం తీసేసిన విలువతో భాగించి, పీడనంతో, మళ్లీ ఒకటిన్నరతో గుణించండి. లోపలి గోడ మీద 463 వస్తుంది. పలుచని సూత్రం పది శాతం తక్కువ చెప్పిందన్నమాట.

గ్రేడ్ 5 టైటానియంలో 6 శాతం అల్యూమినియం, 4 శాతం వనేడియం ఉంటాయి. దాని ఈల్డ్, అంటే లోహం శాశ్వతంగా లొంగడం మొదలయ్యే ఒత్తిడి, సుమారు 830 మెగాపాస్కల్. 463తో పోలిస్తే 1.8 రెట్ల రక్షణ ఉంది. డిజైన్ పీడనానికి 1.25 రెట్లతో పరీక్షించినా లోపలి గోడ ఒత్తిడి ఈల్డ్‌లో 70 శాతం దగ్గరే ఆగుతుంది. ఇదంతా మచ్చలేని గోడకు మాత్రమే. కిటికీ, హాచ్ (లోపలికి దిగే తలుపు) రంధ్రాల చుట్టూ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అక్కడ గోడను మందం చేయాలి, ఫైనైట్ ఎలిమెంట్ లెక్క (గోడను చిన్న ముక్కలుగా విడగొట్టి కంప్యూటర్‌లో వేసేది) విడిగా చేయాలి. అంచు గీతలు పదునుగా వదలకుండా పెద్ద వంపులిచ్చి కలపండి.

బక్లింగ్, అంటే గోడ సొట్టపడి కుప్పకూలడం, వేరే లెక్క. పూర్తిగా గుండ్రంగా ఉన్న గోళానికి క్లాసికల్ సూత్రం ఇచ్చే విలువ ఇక్కడ 750 మెగాపాస్కల్ పైన. బాగా తయారైన గోళాలు పరీక్షల్లో అందులో సుమారు 70 శాతం వరకే నిలబడతాయి. అలా చూసినా 61 ఎక్కడ, 525 ఎక్కడ! లోహం ఈల్డ్ అయ్యేది 109 దగ్గర కాబట్టి మన గోళానికి ప్రమాదం ముందు ఈల్డ్ వైపు నుంచే వస్తుంది. పలుచని గోళం, తక్కువ లోతు అయితే ఈ వరస తారుమారవుతుంది. అందుకే రెండు లెక్కలూ ఎప్పుడూ పక్కపక్కనే వేయాలి.

ఉక్కు ఎందుకు కాదు? 550 మెగాపాస్కల్ ఈల్డ్ ఉన్న జలాంతర్గామి ఉక్కుతో అదే రక్షణ కావాలంటే 131 మి.మీ. మందం పెట్టాలి. గోళం 16 టన్నులు దాటుతుంది, తోసే నీరు మాత్రం 7 టన్నులే. తక్కువైన 9 టన్నుల తేలే బలం కోసం 19 ఘనమీటర్ల తేలే ఫోమ్ మోయాలి. 1987లో వచ్చిన సోవియట్ మీర్ వాహనాలు 6000 మీటర్లకు ఉక్కు గోళాలతోనే దిగాయి, కానీ అది మారేజింగ్ స్టీల్, చాలా ఎక్కువ బలమున్న రకం. ఫ్రాన్స్ నాటిల్, జపాన్ షింకాయ్ 6500 రెండూ టైటానియం దారి పట్టాయి.

కార్బన్ ఫైబర్ తేలిక కదా అని ఎవరైనా అడిగితే 2023 జూన్ 18న ఐదుగురితో నలిగిపోయిన టైటాన్ సబ్‌మెర్సిబుల్‌ను చూపించండి. ఆ వాహనం గోళం కాదు, సిలిండర్. ఫైబర్ లాగుడుకు బాగా నిలుస్తుంది. నొక్కుడులో పొరలు విడిపోవడం బయటి నుంచి కనబడదు. ఫైబర్ సిలిండర్‌ను టైటానియం రింగులకు జిగురుతో అతికించారు. నౌకల భద్రతను తనిఖీ చేసే వర్గీకరణ సంస్థ సర్టిఫికెట్ లేదు. ముందు ఏడాది జూలైలో ఒక డైవ్ చివర పెద్ద శబ్దం వచ్చాక స్ట్రెయిన్ గేజ్ (గోడ ఎంత సాగిందో, నలిగిందో కొలిచే పరికరం) రీడింగుల తీరు మారింది, అయినా వాడకం ఆపలేదు. మీ డిజైన్‌లో ప్రతి డైవ్‌కీ పీడనం, స్ట్రెయిన్ గీతను పాత గీతతో పోల్చే పద్ధతి, గీత పక్కకు జరిగితే వాహనాన్ని ఆపే అధికారం ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలి.

గుండ్రదనం

మందం సరిపెట్టినంత మాత్రాన పని అయిపోదు. లెక్కలో వేసుకున్న వ్యాసార్థం గోళంలో ప్రతి చోటా నిజంగా ఉండాలి. మొత్తం వ్యాసం కొలిచి సరిపోయిందనుకునే పొరపాటు చాలా డ్రాయింగుల్లో కనిపిస్తుంది. కొలవాల్సింది స్థానిక వంపు. బయటి వ్యాసార్థాన్ని మందంతో గుణించి వర్గమూలం తీసి, దానికి 1.2 రెట్లు తీసుకోండి. మనకు సుమారు 36 సెంటీమీటర్లు వస్తుంది. ఆ పొడవున్న ముక్కలో వంపు ఎత్తు 14.4 మి.మీ. ఉండాలి. అక్కడ ఒకే ఒక్క మిల్లీమీటరు చదునైతే ఆ చోటి వ్యాసార్థం ఏడున్నర శాతం పెరిగినట్టే. ఒత్తిడి ఏడున్నర శాతం పెరుగుతుంది, బక్లింగ్ బలం 13 శాతం పడిపోతుంది. ఒక మిల్లీమీటరుకు ఇంత. కాబట్టి 36 సెం.మీ. టెంప్లేటుతోగానీ, కో-ఆర్డినేట్ కొలత యంత్రంతోగానీ గోళం అంతా గళ్లు గీసి కొలవాలి, మందం మ్యాపు అల్ట్రాసోనిక్ గేజ్‌తో తీయాలి. రెండు మ్యాపులూ ఒకదాని మీద ఒకటి పరచి, పలుచన, చదును రెండూ ఒకేచోట పడ్డాయేమో చూడండి.

రెండు అర్ధగోళాల మధ్య అతుకు చుట్టూ సుమారు 7.1 మీటర్లు. ఎనభై మి.మీ. మందపు టైటానియాన్ని ఎలక్ట్రాన్ బీమ్ వెల్డింగ్‌తో, శూన్యంలో, ఒకే దెబ్బలో అతకడం ఉత్తమ పద్ధతి. గాలి తగిలిన వేడి టైటానియం ఆక్సిజన్, నైట్రోజన్ పీల్చుకుని పెళుసెక్కుతుంది. మత్స్య గోళం అతుకు ఇస్రో చేతికి వెళ్లడానికి కారణం ఈ కష్టమే. డిజైనర్‌గా మీ పని మూడు విషయాలు: అతుకు దగ్గర అంచులు ఎంతవరకు పక్కకు తప్పవచ్చో డ్రాయింగులో రాయడం, కిటికీలనూ హాచ్‌నూ అతుకుకు దూరంగా పెట్టడం, వెల్డ్ తర్వాత ఒత్తిడి తగ్గించే వేడి చికిత్సకు గోళం పట్టే ఫర్నేస్ ఎక్కడుందో ముందే తెలుసుకోవడం.

లోపల సామాను బిగించేవాళ్లకు ఇంకో లెక్క చెప్పాలి. పూర్తి లోతులో గోళం లోపలి వ్యాసం 5.6 మి.మీ. తగ్గుతుంది. ఈ గోడ నుంచి ఆ గోడకు గట్టిగా బోల్టు వేసిన నేలపలకగానీ, ర్యాక్‌గానీ ఉంటే గోళం దాన్ని నొక్కుతుంది, అది గోళాన్ని ఎదురు నొక్కుతుంది. ఆ చోటే పగులు మొదలవుతుంది. ఒక వైపు బిగించి రెండో వైపు పొడవాటి రంధ్రాల్లో రబ్బరు బుష్‌లతో జారనివ్వండి.

కిటికీ, హాచ్, కేబుల్ దారులు

కిటికీలు యాక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్) శంకు ముక్కలు, పెద్ద ముఖం బయటికి. పీడనం ముక్కను తన సీటులోకే నొక్కుతుంది కాబట్టి లోతు పెరిగేకొద్దీ సీలు గట్టిపడుతుంది. మందానికి అస్మే పీవీహెచ్‌ఓ-1 (మనుషులుండే పీడన పాత్రలకు అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ప్రమాణం) పట్టికలు చూడండి. పీడనం, ఉష్ణోగ్రత, శంకు కోణం మూడూ కావాలి. యాక్రిలిక్ నెమ్మదిగా పాకే పదార్థం. ప్రతి డైవ్‌లో చిన్న ముఖం లోపలికి కాస్త జరిగి తిరిగి వస్తుంది, అందుకే సీటు శంకు కిటికీ చిన్న ముఖం దాటి ఇంకా కొంత కొనసాగాలి. లేకపోతే అంచు దగ్గర ఆధారం లేక పగుళ్లు పుడతాయి. కిటికీకి సైకిళ్ల పరిమితి, సంవత్సరాల పరిమితి రెండూ ఉంటాయి. చూడ్డానికి కొత్తగా ఉన్నా గడువు దాటితే మార్చాల్సిందే.

థిన్నర్, అసిటోన్, స్పిరిట్, అమోనియా ఉన్న గాజు క్లీనర్లు యాక్రిలిక్‌కు తగలనివ్వకండి. కంటికి కనబడని సన్న పగుళ్లు అప్పుడే మొదలవుతాయి. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. డెక్ మీద ఉన్నంతసేపూ తెల్ల గుడ్డ కప్పండి. రోహిణి కార్తె ఎండలో ఓడ డెక్ మీది లోహం చేత్తో ముట్టుకోలేనంత కాగుతుంది, యాక్రిలిక్ వేడికి మెత్తబడుతుంది.

హాచ్ కూడా శంకు సీటే, బయటికి తెరుచుకునేది. పైపైన ఓ-రింగ్ నీటిని ఆపుతుంది. లోతులో లోహం మీద లోహం ఆపుతుంది. టైటానియం మీద టైటానియం రుద్దుకుంటే పట్టేసి గీతలు పడుతుంది కాబట్టి ఒక వైపు పూత, రెండు వైపులా సరైన గ్రీజు తప్పనిసరి. సీటులో ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు చాలు నీరు కారడానికి. మూసే ముందు తుడవడం చెక్‌లిస్టులో వేరే లైనుగా, సంతకంతో ఉండాలి.

కేబుల్ దారుల్లో పొరపాటు ఎక్కువగా కేబుల్‌లోనే. బయట కేబుల్ తొడుగు తెగితే నీరు రాగి తీగల మధ్య సందుల్లోంచి గొట్టంలా లోపలికి పరుగెడుతుంది. అందుకే పెనెట్రేటర్, అంటే కేబుల్‌ను గోడ దాటించే బిగింపు, తనంతట తాను పూర్తి పీడనాన్ని ఆపాలి, కనెక్టర్ విరిగిపోయినా సరే. ప్రతి పెనెట్రేటర్‌నూ విడిగా, బయటి కేబుల్ లేకుండా పరీక్షించండి.

బరువు పట్టిక

మన గోళం బయటి పరిమాణం 6.04 ఘనమీటర్లు, తోసే నీరు సుమారు 6.2 టన్నులు, బరువు 5.3 టన్నులు. మిగిలేది 0.9 టన్ను. కిటికీ రింగులు, హాచ్, ముగ్గురు మనుషులు, ఆక్సిజన్, సీట్లు, ఎలక్ట్రానిక్స్ వేస్తే ఆ 0.9 అయిపోతుంది. అంటే గోళం తనను తాను మోసుకుంటుంది, అంతే. ఫ్రేమ్, బ్యాటరీలు, మోటార్లు, రోబో చెయ్యి మోయాల్సింది సింటాక్టిక్ ఫోమ్. సన్నటి బోలు గాజు గోళీలను ఎపాక్సీలో కలిపి చేసిన దిమ్మలివి. ఆరు వేల మీటర్ల రకం సాంద్రత ఘనమీటరుకు 550 కిలోల ప్రాంతంలో ఉంటుంది, కాబట్టి ఘనమీటరు ఫోమ్ ఇచ్చే నికర తేలుడు 480 కిలోలే.

ఇక్కడే డిజైన్లు చేయి దాటిపోతాయి. నీటిలో 100 కిలోలు తూగే కొత్త పరికరం చేర్చారనుకోండి. దానికి 0.21 ఘనమీటరు ఫోమ్ కావాలి, ఆ ఫోమ్ 115 కిలోలు. ఫోమ్ పెరిగితే ఫ్రేమ్, పైకవచం పెరుగుతాయి, మోటార్లకు లాగే భారం పెరుగుతుంది, బ్యాటరీ పెరుగుతుంది, మళ్లీ ఫోమ్. మొదటి రోజు నుంచే ఒక షీటులో ప్రతి వస్తువుకూ ఐదు గడులు ఉంచండి: గాలిలో బరువు, తోసే నీరు, నీటిలో బరువు, నిలువు స్థానం, ముందువెనకల స్థానం. పది శాతం మార్జిన్ ఎవరూ ముట్టుకోని వరుసలో పెట్టండి. తేలుడు కేంద్రం బరువు కేంద్రానికి పైన ఉండాలి. ఆ ఎడం తక్కువైతే రోబో చెయ్యి చాచినప్పుడల్లా వాహనం ఊగుతుంది.

పైకి రావడం

ఉదాహరణకు వాహనం ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు అనుకుందాం. నిలువుగా కదిలేటప్పుడు నీటికి అడ్డుపడేది 18 చదరపు మీటర్లు. నిమిషానికి 30 మీటర్ల వేగానికి నీటి ఎదురుబలం సుమారు 240 కిలోలు వస్తుంది. కాబట్టి దిగడానికి 240 కిలోల అదనపు బరువు. అడుగుకు చేరాక దాన్ని వదిలేస్తే వాహనం తటస్థంగా నిలుస్తుంది. పైకి రావడానికి ఇంకో 240 వదలాలి. మొత్తం నీటిలో 480 కిలోలు తూగే ఉక్కు పలకలు, రెండు విడి గుంపులుగా. వేగం రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల బరువు కావాలి, అందుకే ఈ వాహనాలు నిదానంగా నడుస్తాయి. ఆరు వేల మీటర్లు దిగడానికి 3 గంటల 20 నిమిషాలు, ఎక్కడానికీ అంతే. పన్నెండు గంటల డైవ్‌లో అడుగున పనిచేసే సమయం నాలుగైదు గంటలకు మించదు.

బరువులను విద్యుదయస్కాంతంతో పట్టి ఉంచండి. కరెంటు పోతే పట్టు పోతుంది, బరువు పడిపోతుంది, వాహనం లేస్తుంది. వదలడానికి కరెంటు కావాల్సిన ఏ ఏర్పాటునూ ఏకైక దారిగా పెట్టకండి. రెండోది, గోళం గోడలోంచి వెళ్లే షాఫ్ట్‌ను చేత్తో తిప్పి వదిలే మెకానికల్ దారి. మూడోది, లోపలివాళ్లు నిర్ణీత వ్యవధిలో బటన్ నొక్కకపోతే తనే వదిలే టైమర్. నాలుగోది, సముద్రపు నీటిలో కొన్ని గంటలకు కరిగి తెగిపోయే లోహపు లింకు. ఈ నాలుగూ ఒకదానిమీద ఒకటి ఆధారపడకూడదు. ఒకే కేబుల్ మీద నడిచే రెండు దారులు ఒకటే దారి కింద లెక్క.

వీటితోపాటు బ్యాటరీ పెట్టెలను, రోబో చేతిని, నమూనాల బుట్టను తెంపి వదిలేసే బోల్టులు ఉండాలి. మన తీరం దగ్గర అసలు భయం వలలే. ట్రాలర్ల నుంచి తెగిపోయిన నైలాన్ వలలు అడుగున ఏళ్ల తరబడి ఉంటాయి. వాహనం పైకవచం మీద కొక్కెంలా పట్టే మూల ఒక్కటీ వదలకండి. మోటార్ల రెక్కలకు జాలీ గొట్టం, ముందు వాలుగా గార్డు, బయటికి పొడుచుకొచ్చే ప్రతి లైటూ కెమెరా గట్టిగా లాగితే ఊడిపోయే బ్రాకెట్ మీద. లెక్క పూర్తయ్యాక చివరి పరీక్ష ఇది: అన్నిటికంటే పెద్ద ఒక్క పెట్టె నీటితో నిండినా, అన్ని బరువులూ వదిలాక వాహనం ఇంకా పైకి తేలుతోందా? లేకపోతే మళ్లీ బరువు పట్టిక దగ్గరికి వెళ్లండి.

గాలి

మనిషికి గంటకు 30 లీటర్ల ఆక్సిజన్ అనుకుంటే, ముగ్గురికి 108 గంటలకు 9,720 లీటర్లు. 200 బార్ 50 లీటర్ల సిలిండర్ కాగితం మీద 10,000 లీటర్లు ఇస్తుంది, రెగ్యులేటర్ దగ్గర చివరి పీడనం వాడుకోలేం కాబట్టి ఒక్కటి చాలదు. రెండు విడి గుంపులు, ఒక్కో గుంపూ ఒంటరిగానే ఆపద కాలాన్ని దాటించేంత. అదే సిలిండర్ లోపల లీకై ఖాళీ అయితే? నాలుగు ఘనమీటర్ల ఖాళీ చోటులో పీడనం మూడున్నర రెట్లవుతుంది, ఆక్సిజన్ శాతం చిన్న నిప్పురవ్వనే మంటగా మార్చేంత పెరుగుతుంది. కాబట్టి లోపల పెద్ద సిలిండర్ పెట్టకుండా చిన్నవి ఎక్కువ పెట్టండి, ప్రతి దారిలోనూ సన్న రంధ్రపు అడ్డు బిగించండి. ఆక్సిజన్ 18 నుంచి 23 శాతం మధ్యే ఉండాలి. ఆక్సిజన్ ఫిట్టింగులకు నూనె, మామూలు గ్రీజు తగలకూడదు.

అయితే ముందు ప్రాణం తీసేది ఆక్సిజన్ లోటు కాదు, కార్బన్ డయాక్సైడ్. ముగ్గురు గంటకు 75 లీటర్ల దాకా వదులుతారు. శుద్ధి ఆగిపోతే అరగంటలో గాలిలో ఒక శాతం, గంటన్నరకు మూడు శాతం చేరి తలనొప్పి, ఆయాసం మొదలై ఆలోచన మందగిస్తుంది. 108 గంటలకు సుమారు 16 కిలోలు పట్టుకోవాలి. సోడాలైమ్ అయితే 80 కిలోలు, లిథియం హైడ్రాక్సైడ్ అయితే 23 కిలోలు కావాలి. మామూలు 12 గంటలకు ఫ్యానుతో నడిచే సోడాలైమ్ డబ్బా, ఆపద 96 గంటలకు ఫ్యాను అక్కర్లేకుండా వేలాడదీసే లిథియం హైడ్రాక్సైడ్ తెరలు పెట్టడం మంచి పంపకం. ఆ పొడి కళ్లకూ ఊపిరితిత్తులకూ మంట పుట్టిస్తుంది, మాస్కులు పక్కనే ఉంచండి. సోడాలైమ్ చలిలో మందగిస్తుంది కాబట్టి డబ్బాను గోడకు ఆనించకండి.

డెక్ మీద 40 డిగ్రీలు, అడుగున నీరు రెండు డిగ్రీల దగ్గర. హాచ్ మూసినప్పుడు లోపల చిక్కిన మన తీరపు తేమ అంతా చల్లబడిన గోడ మీద చుక్కలై కారుతుంది. ఎలక్ట్రానిక్స్‌ను గోడ నుంచి ఎడంగా, పైన చూరులాంటి రేకుతో అమర్చండి, కారే నీటికి అడుగున తొట్టె ఇవ్వండి. లేకపోతే ఆ చుక్కలను చూసి లీకని భయపడతారు, లేదా నిజమైన లీకును తేమ అనుకుంటారు. ఉప్పు గుర్తించే సెన్సర్ తొట్టెలో ఉంటే ఈ అయోమయం ఉండదు.

కరెంటు, నూనె

అడుగున మోటార్లు 5 కిలోవాట్లు నాలుగు గంటలు, లైట్లు ఒకటిన్నర కిలోవాట్లు నాలుగు గంటలు, లోపలి అవసరాలు ఒక కిలోవాట్ పన్నెండు గంటలు: 38 యూనిట్లు. చలిలో తగ్గే సామర్థ్యం, నిల్వ కలిపి 55 దాకా పెట్టండి. ఆపద బ్యాటరీ వేరే, గోళం లోపల, 150 వాట్లు 96 గంటలకు 14.4 యూనిట్లు.

మోటార్లు, జంక్షన్ పెట్టెలు నూనెతో నింపి, రబ్బరు సంచి ద్వారా బయటి పీడనానికి సమానంగా ఉంచితే పలుచని పెట్టెలు చాలు. సంచి పరిమాణం దగ్గర పొరపాట్లు జరుగుతాయి. 600 బార్ కింద నూనె మూడు నాలుగు శాతం నలుగుతుంది, 35 డిగ్రీల్లో నింపిన నూనె రెండు డిగ్రీలకు చల్లబడితే ఇంకో రెండు శాతం పైగా ముడుచుకుంటుంది. కారిపోయేది కలుపుకుని, నూనె మొత్తంలో 12 నుంచి 15 శాతం సంచి ఉండాలి. నింపేటప్పుడు వాక్యూమ్ పంపుతో గాలి లాగేయండి, మిగిలిన బుడగ అంత మేరా సంచి నుంచి దోచుకుంటుంది. సంచి ఖాళీ అయిన మరుక్షణం ఆ పెట్టె పూర్తి పీడనాన్ని ఒంటరిగా మోయాలి, మోయలేదు.

మన సముద్రం తీరు

పెన్నా మొదలుకొని గంగ దాకా నదులన్నీ పోసే మంచినీటి వల్ల బంగాళాఖాతం పైపొర మిగతా సముద్రాల కంటే చప్పన. ఉప్పు వెయ్యికి 34 నుంచి 30కి పడితే నీటి సాంద్రత ఘనమీటరుకు మూడు కిలోలు తగ్గుతుంది. 25 ఘనమీటర్ల వాహనానికి అది 75 కిలోల తేలుడు నష్టం. చెన్నైలోనో కృష్ణపట్నం రేవులోనో సరిచేసిన బ్యాలెన్స్ నడి సముద్రానికి పనికిరాదు. డైవ్ చేసే రోజు, చేసే చోట ఉప్పు, ఉష్ణోగ్రత నిలువునా కొలిచి, దిగే బరువును అప్పుడు తేల్చండి. సోమశిల, కండలేరు లాంటి మంచినీటి జలాశయంలో నమూనా పరీక్షిస్తే తేడా ఇంకా ఎక్కువ, రెండు శాతం పైనే.

దించడం, ఎత్తడం డైవ్ మొత్తంలో ఎక్కువ ప్రమాదమున్న ఘట్టాలు. ఓడ ఊగుతుంటే పాతిక టన్నుల వాహనం క్రేన్ తాడుకు వేలాడుతూ ఓడకే గుద్దుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. జనవరి నుంచి మార్చి వరకు మన తీరంలో నెమ్మదైన కాలం. ఎత్తే పాయింట్లకు స్థిర బరువుకు కనీసం రెండు రెట్ల కుదుపు భారం లెక్కేయండి.

కాలేజీలో చేయదగ్గ పరీక్ష

టైటానియం గోళం మీ చేతిలో లేకపోయినా సొట్ట ఎలా పుడుతుందో కళ్లారా చూడొచ్చు. 150 మి.మీ. వ్యాసం, 0.6 మి.మీ. మందపు అల్యూమినియం అర్ధగోళాలు రెండు స్పిన్నింగ్ చేసేవాళ్ల దగ్గర చేయించండి. 180 మి.మీ. రింగుల మీద ఎపాక్సీతో అతికించండి. గదిగా 200 ఎన్‌బీ షెడ్యూల్ 40 ఉక్కు పైపు, రెండు చివర్లా క్లాస్ 150 బ్లైండ్ ఫ్లాంజిలు. పైపు పనివాళ్లు వాడే చేతి హైడ్రో టెస్ట్ పంపు, గేజ్, 15 బార్ దగ్గర తెరుచుకునే రిలీఫ్ వాల్వ్. ఖాళీ గదిని ముందు, రిలీఫ్ వాల్వ్ తీసి ఆ రంధ్రానికి ప్లగ్ బిగించి, 22 బార్ వరకు పరీక్షించండి. గోళం దించే ముందు వాల్వ్ తిరిగి బిగించారో లేదో ఇద్దరు చూడాలి.

గదిని, గోళం లోపలినీ రెండింటినీ నీటితోనే నింపాలి. గాలి బుడగ మిగిలితే అది స్ప్రింగులా శక్తి దాచుకుని, గోళం కూలినప్పుడు పేలుతుంది. గోళం లోపలి నుంచి ఒక సన్న గొట్టం ఫ్లాంజి దాటి బయటి బ్యూరెట్‌కు వెళ్లాలి. పీడనం ఒక్కో బార్ పెంచి, నిమిషం ఆగి, బయటికొచ్చిన నీటిని చదవండి. పది బార్ దగ్గర సుమారు 3 మిల్లీలీటర్లు రావాలి. గీత నిటారుగా ఉన్నంతవరకు గోడ సాగేగుణంలోనే ఉంది. గీత వంగడం మొదలైతే గోడ లొంగుతోంది. పీడనం దించాక నీరు మొదటి గుర్తుకు తిరిగి రాకపోతే శాశ్వత మార్పు జరిగిపోయింది. కూలేటప్పుడు గొట్టంలోంచి నీరు చిమ్ముతుంది, బ్యూరెట్ ముందు యాక్రిలిక్ తెర పెట్టి పక్కన నిలబడి చదవండి.

ఇలాంటి గోళాలు కనీసం మూడు చేయించి, ఒక దానికి కావాలనే బొటనవేలితో సగం మిల్లీమీటరు లోతు సొట్ట పెట్టి పరీక్షించండి. స్పిన్నింగ్‌లో గోడ అన్నిచోట్లా ఒకే మందం రాదు కాబట్టి, పరీక్షకు ముందే అల్ట్రాసోనిక్ గేజ్‌తో ఇరవై చోట్ల కొలిచి మార్కర్‌తో గోళం మీదే రాయండి. సొట్ట ఎక్కడ మొదలైందో ఆ అంకెల పక్కనే ఫొటో తీసుకోవచ్చు.